ఆ యాస ఎవరిది?

2007 జులై. డల్లాస్‌లో ఎండ నిప్పులు చెరుగుతోంది. పార్కింగ్‌లో కారు ఆపి ఆయన వెనక్కి తిరిగాడు. 'దిగరా... వచ్చేశాం' అన్నాడు హుషారుగా. వెనక సీట్లో 11 ఏళ్ల కొడుకు కదల్లేదు. సీటు బెల్టు కూడా తీయలేదు.

ఎదురుగా ఉన్నది మామూలు సెవెన్-ఎలెవెన్ దుకాణమే. కానీ ఆ నెల దాని వేషం మారిపోయింది. 'ద సింప్సన్స్' కార్టూన్‌ని సినిమాగా తీసి విడుదల చేస్తున్న సందర్భంగా ఆ సంస్థ అమెరికాలో 11, కెనడాలో ఒకటి... మొత్తం 12 దుకాణాలను అచ్చం ఆ కార్టూన్‌లోని 'క్విక్-ఈ-మార్ట్'లా తయారు చేసింది. హోమర్ లొట్టలేసుకుంటూ తినే గులాబీరంగు డోనట్లు, బజ్ కోలా, క్రస్టీ-ఓస్... అన్నీ నిజంగానే అమ్మారు. ఫొటోలు దిగడానికి జనం ఎగబడ్డారు. ఆయన కూడా వారాంతం చూసుకుని, పనిగట్టుకుని 40 మైళ్లు వచ్చాడు. పిల్లాడు సంబరపడతాడనుకున్నాడు.

'నేను రాను నాన్నా. నువ్వెళ్లు.'

ఎందుకని అడిగితే చెప్పడు. గద్దిస్తే ఏడ్చేలా ఉన్నాడు. చివరికి ఆయనొక్కడే లోపలికెళ్లి రెండు డోనట్లు కొనుక్కొచ్చాడు. ఒకటి తాను తిన్నాడు. రెండోది ఇల్లు చేరేదాకా పొట్లంలోనే ఉండిపోయింది. ఆ రోజు పిల్లాడి మనసులో ఏముందో ఆయనకు తెలియడానికి మరో పదేళ్లు పట్టింది.

'సింప్సన్స్' పేరు వినని వారికి రెండు ముక్కలు చెప్పాలి. 1989 డిసెంబరు 17న ఫాక్స్ ఛానల్‌లో మొదలైన కార్టూన్ సీరియల్ అది. సృష్టికర్త మ్యాట్ గ్రోనింగ్. ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బొమ్మలే గానీ పెద్దల కోసం తీసింది. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊహా పట్టణం. అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగం వెలగబెట్టే తిండిపోతు హోమర్, అతని భార్య మార్జ్, అల్లరి కొడుకు బార్ట్, బుద్ధిమంతురాలైన కూతురు లీసా, చంటిది మ్యాగీ. ఆ ఊరి మేయరు లంచగొండి. పోలీసు అధికారి సోమరిపోతు. డాక్టర్లు, పాస్టర్లు, టీచర్లు... చివరికి తనను ప్రసారం చేసే ఫాక్స్ ఛానల్‌ని కూడా వదలదు ఆ సీరియల్. ఎవర్నీ వదలకపోవడమే దాని గొప్ప. ఎవరైనా నొచ్చుకుంటే చెప్పుకునే సాకు కూడా అదే!

ఆ ఊళ్లో కిరాణా దుకాణం నడిపే భారతీయుడు అపు. 1990 ఫిబ్రవరి 25న మొదటిసారి తెరమీద కనిపించాడు. పేరేమో సత్యజిత్ రాయ్ సినిమాల్లోని అపు నుంచి తీసుకున్నారు. అక్కడిదాకా గౌరవంగానే ఉంది. ఇంటిపేరు మాత్రం నహసపీమపెటిలోన్. మన దేశంలో ఏ భాషలోనూ అలాంటి ఇంటిపేరు లేదు. పలకబోతే నాలుక మెలికపడాలి... అందులో హాస్యం అంతే. గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. పూర్వీకులు గ్రీసు నుంచి వచ్చిన యూదులు. ఆయన అనుకరించింది లాస్ ఏంజెలెస్ దుకాణాల్లో విన్న గుమాస్తాలనూ, 1968లో వచ్చిన 'ద పార్టీ' సినిమాలో మొహానికి గోధుమరంగు పూసుకుని భారతీయుడిగా నటించిన బ్రిటిష్ నటుడు పీటర్ సెల్లర్స్‌నూ. అంటే అది సగం నకలుకు నకలు. అపు గొంతుకు 1998లో అజారియాకు ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది.

ఆయన అమెరికా వెళ్లిందీ అపు పుట్టిన 1990లోనే. గుంటూరు జిల్లా పల్లెటూరు, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్, టెక్సస్‌లో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్. చేతిలో డబ్బుల్లేక వారాంతాల్లో ఓ గుజరాతీ పెద్దమనిషి దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడేవాడు. బీరు డబ్బాలు కొనుక్కెళ్లే కుర్రాళ్లు తలుపు దగ్గర ఆగి, తలలు అటూ ఇటూ ఊపుతూ, వింత యాసలో 'థాంక్యూ... కమ్ అగైన్!' అని అరిచి పకపకా నవ్వుతూ పోయేవారు. అమెరికావాళ్లు ఎంత మర్యాదస్తులో అనుకుని ఆయన కూడా తిరిగి 'థాంక్యూ' చెప్పేవాడు. చాలా రోజులు! చివరికి గదిలో ఉండే స్నేహితుడు అసలు సంగతి చెప్పి టీవీ ముందు కూర్చోబెట్టాడు.

చూస్తే... ఆయనకు నవ్వొచ్చింది. కోపం రాలేదు. ఈ మాట దాచాల్సిన పని లేదు. అపు ఆయనకు నచ్చాడు. ఆ ఊళ్లో అందరికంటే చదువుకున్నవాడు అపు. కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేటు ఉంది. 1995లో వచ్చిన ఎపిసోడ్‌లో శాకాహారిగా మారాలనుకున్న లీసాకు దారి చూపింది అతనే. దుకాణం పైకప్పు మీద బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ దంపతులతో దర్జాగా కబుర్లు చెబుతాడు. 1996 మే 5న ప్రసారమైన ఎపిసోడైతే ఆయనకు కంఠతా వచ్చు. ఊళ్లో పన్నులు పెరిగాయని జనం గోల చేస్తే, మేయరు ఆ నేరం అక్రమ వలసదారుల మీదికి నెట్టేస్తాడు. వాళ్లను వెళ్లగొట్టడానికి ఓటింగు పెడతారు. అంతకు రెండేళ్ల ముందు, 1994లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 187వ ప్రతిపాదన మీద విసురు అది. అపు భయపడి దొంగ కాగితాలు కొంటాడు. అమెరికావాడిలా మాట్లాడబోతాడు. తన మీద తనకే రోత పుట్టి ఏడుస్తాడు. ఆఖరికి పౌరసత్వ పరీక్షకు కూర్చుంటాడు. అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే అపు చరిత్ర లోతుల్లోకి వెళ్లబోతాడు. పరీక్షాధికారి విసుక్కుని, బానిసత్వం అని ఒక్క ముక్క చెప్పవయ్యా చాలు అంటాడు. అపు పౌరుడవుతాడు. చివరికి దేశం వదిలిపోవాల్సి వచ్చింది ఎవరయ్యా అంటే... స్కాట్లాండ్ నుంచి వచ్చిన తోటమాలి విల్లీ!

వీసా కాగితాల కోసం లాయర్ల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో ఆయన అది చూశాడు. తన బాధ ఎవరో తెలిసినవాళ్లే రాసినట్టు అనిపించింది. ఇన్ని మంచి మార్కులున్నవాడిని, యాస బాగోలేదని తీసిపారేయాలా?

ఆయన భార్యకు మాత్రం ఆ సీరియల్ మొదటినుంచీ పడలేదు. ఆమెది వరంగల్. హైదరాబాద్‌లో ఆయన క్లాస్‌మేటే. రెండిళ్ల వాళ్లూ ఒప్పుకోకపోతే మూడేళ్లు పోరాడి చేసుకున్న పెళ్లి వాళ్లది. 1997 నవంబరు 16, ఆదివారం రాత్రి అపు పెళ్లి ఎపిసోడ్ వచ్చింది. తల్లి కుదిర్చిన సంబంధం, వధువు మంజుల. పెళ్లి ఆపడానికి హోమర్ వినాయకుడి వేషం వేసుకుని మండపంలోకి దూకుతాడు. మర్నాడు ఆఫీసులో ముగ్గురు కొలీగ్స్ ఆమె బల్ల దగ్గరికొచ్చి, ఎంతో సానుభూతిగా, 'పెళ్లికి ముందు మీ ఆయన్ని అసలు చూశావా?' అని అడిగారు. మూడేళ్ల పోరాటం సంగతి చెబితే నమ్మలేనట్టు చూశారు. 1999 నవంబరులో మంజులకు ఒకే కాన్పులో ఎనిమిది మంది పిల్లలు పుట్టారు. అప్పటినుంచి ఆమె తెరమీద కనిపిస్తే పిల్లల గోల, మొగుడి మీద సణుగుడు... అంతే. తొలిరోజున మంజుల మాటల్లో కాస్త చురుకుదనం ఉండేది, ఆ తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఆమెకు గొంతు ఇచ్చినవాళ్లూ తెల్లవాళ్లే.

ఆడవాళ్ల విషయానికొస్తే ఆ సీరియల్‌ది చిత్రమైన కథ. ప్రసారమైన మొట్టమొదటి ఎపిసోడ్ రాసింది మిమీ పాండ్ అనే మహిళ. కానీ రచయితల బృందంలోకి ఆమెను తీసుకోలేదు. తొలినాళ్లలో ఆ గదిలో కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ తెల్లజాతి మగవాళ్లే. వాళ్ల చేతుల మీదుగానే 1994 ఫిబ్రవరిలో ఓ అద్భుతమైన ఎపిసోడ్ వచ్చింది. లీసాకు ఇష్టమైన బొమ్మ మాట్లాడటం మొదలుపెడుతుంది. మాట్లాడితే అందం, మొగుడు, ముస్తాబు... అంతకుమించి దానికి ఏమీ రావు. 1992లో లెక్కల క్లాసు కష్టమని పలికి విమర్శల పాలైన బార్బీ బొమ్మ మీద ఎత్తిపొడుపు అది. లీసా ఊరుకోదు. ఈ మాటలు విని పెరిగే ఆడపిల్లలు ఏమవుతారని కంపెనీ దాకా వెళ్లి నిలదీస్తుంది. ఒక బొమ్మ గొంతు పిల్లల్ని ఏం చేస్తుందో ఆ రచయితలకు బాగా తెలుసన్నమాట! ఈ లీసా సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోవాలి.

2017 నవంబరులో, కాలేజీ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. 'నాన్నా, ఒక డాక్యుమెంటరీ చూడు. తీసింది మనవాడే' అన్నాడు. 'ద ప్రాబ్లమ్ విత్ అపు' దాని పేరు. తెరమీద హరి కొండబోలు అనే పేరు చూడగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, తెలుగు కుటుంబంలో పుట్టి పెరిగిన హాస్య కళాకారుడు హరి. 2012లోనే ఓ టీవీ కార్యక్రమంలో అపును చీల్చి చెండాడాడు. ఒక తెల్లవాడు, తన తండ్రిని వెక్కిరించే మరో తెల్లవాడిని అనుకరిస్తున్నట్టు ఉంటుంది ఆ గొంతు అని తేల్చేశాడు.

డాక్యుమెంటరీలో హరి మొదటే ఒప్పుకుంటాడు, సింప్సన్స్ అంటే తనకు ప్రాణమని. హాస్యం నేర్చుకున్నదే అది చూసి. అజీజ్ అన్సారీ, కల్ పెన్, ఆసిఫ్ మాండ్వీ, అమెరికా సర్జన్ జనరల్‌గా చేసిన వివేక్ మూర్తి... ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి బడిలో అపు పేరుతో ఏం పడ్డారో అడుగుతాడు. నల్లజాతి నటి వూపీ గోల్డ్‌బర్గ్ తన ఇంట్లో దాచుకున్న పాత బొమ్మలు చూపిస్తుంది. ఒకప్పుడు తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ నాటకాల నాటి బొమ్మలు. అపు కూడా ఆ తాను ముక్కే అన్నది ఆమె మాట. హరి ఎంత ప్రయత్నించినా అజారియా మాత్రం మాట్లాడటానికి రాలేదు.

సినిమా అయిపోయింది. ఆయన కొడుక్కి ఫోన్ చేశాడు. మెచ్చుకోవడానికి కాదు, వాదించడానికి.

'ఆ సీరియల్ ఎవర్ని వదిలిందిరా? తోటమాలి విల్లీ లేడూ? ఇటలీ మాఫియావాడు ఫ్యాట్ టోనీ లేడూ? వాళ్లెవరూ ఏడవడం లేదే!'

'ఇటలీవాళ్లకి ఫ్యాట్ టోనీ కాక వందమంది ఉన్నారు నాన్నా. సినిమా హీరోలున్నారు, మేయర్లున్నారు, జడ్జీలున్నారు. మా స్కూల్లో నాకు అపు ఒక్కడే ఉన్నాడు.'

'హోమర్ తెల్లవాడే కదా. వాడికంటే మొద్దు ఎవడు?'

'మా క్లాసులో తెల్లపిల్లల్ని హోమర్ అని ఎవరూ పిలవలేదు.'

'బార్ట్ మగపిల్లాడు. గొంతు ఇచ్చేది నాన్సీ కార్ట్‌రైట్ అనే ఆడమనిషి. దానికేమంటావ్?'

'మగపిల్లల గొంతు రెండేళ్లకు మారిపోతుంది కాబట్టి పెట్టుకున్నారు. మగపిల్లలు దొరక్క కాదు, మగపిల్లల్ని వెక్కిరించడానికీ కాదు.' కాసేపు ఆగి అన్నాడు... 'నాలుగో క్లాసులో నన్ను అపు అనేవాళ్లు. పేరెంట్స్ మీటింగుకు వెళ్లే ముందు నిన్ను ఎక్కువ మాట్లాడొద్దన్నాను, గుర్తుందా?'

గుర్తుంది. టీచరు ముందు తండ్రి ఇంగ్లీషుకు సిగ్గుపడుతున్నాడని అప్పట్లో ఆయన నొచ్చుకున్నాడు కూడా. సిగ్గు కాదు, భయమట. తండ్రి నోరు విప్పితే ఆ గొంతు బయటికొస్తుందని, మర్నాడు దాన్ని క్లాసంతా పలుకుతుందని.

ఇక్కడే ఉంది తిరకాసంతా. ఆయన 22 ఏళ్లు వచ్చాక అమెరికా వెళ్లాడు. అప్పటికే ఆయన ఎవరో ఆయనకు తెలుసు. ఊళ్లో ఫలానావారి అబ్బాయి, కాలేజీలో ర్యాంకరు. కౌంటరు దగ్గర ఎవడో వెక్కిరిస్తే దులుపుకుని పోగలడు. అక్కడే పుట్టిన పిల్లాడికి అలాంటి వెనక ఊరు లేదు. 1990 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో భారతీయ సంతతి సుమారు 8 లక్షల 15 వేలు. అంతమందికి ఆ దశాబ్దంలో టీవీలో వారం వారం కనిపించిన మొహం దాదాపు ఒక్కటే. అదీ గీసిన మొహం, అరువు గొంతు. ఎవర్నీ వదలని వెటకారం అందరికీ సమానమని ఆ సీరియల్ అభిమానులు అంటారు. విసిరే రాయి ఒకటే కావచ్చు, తగిలేవాడి వెనక గోడ ఉందా లేదా అన్నది కూడా చూడాలి కదా!

ఫోన్ పెట్టేసి ఆయన భార్య దగ్గర గునిశాడు. చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని. ఆమె కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ముందు ఎప్పుడోగానీ వాడని తన ఊరి మాటలో అంది.

'మా తమ్ముని లెక్క మాట్లాడి అందర్ని నవ్విస్తుంటిరి గదా. నేనెన్నడన్న నవ్విన్నా?'

తెలుగు సంఘం సంబరాల్లో ఆయనకు మిమిక్రీ కళాకారుడిగా పేరుంది. గూర్ఖా వాచ్‌మన్, మార్వాడీ సేటు, వరంగల్ బావమరిది... మూడు ఐటెమ్‌లు. మూడోదానికి ఈలలు పడేవి. ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు. ఎవరినీ కించపరచాలని కాదు, బావమరిదంటే ఆయనకు ఇష్టం కూడా. కానీ ఆమె నవ్విందా? ఎంత ఆలోచించినా ఒక్క సందర్భమూ గుర్తు రాలేదు.

ఈ జబ్బు ఆయన ఒక్కడిదే కాదు. మన సినిమాల్లో దశాబ్దాలపాటు హీరో మాట్లాడింది కృష్ణా, గుంటూరుల తెలుగే. తెలంగాణ మాట విలన్‌కో కమెడియన్‌కో, శ్రీకాకుళం యాస ఇంట్లో పనివాళ్లకో రాసిపెట్టి ఉండేది. తెలంగాణ ఉద్యమంలో ఈ అవమానం కూడా ఒక నినాదమైంది. విచిత్రమేమిటంటే అదే 2017లో, జులైలో శేఖర్ కమ్ముల 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి తన మాటలోనే ప్రేమించింది, పోట్లాడింది, అలిగింది. డల్లాస్ థియేటర్లో ఆమె ఆ సినిమా మూడుసార్లు చూసింది. భానుమతిగా నటించి సొంతగొంతు ఇచ్చిన సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి. ఆ సంగతి తెలిసినా ఆమెకేమీ పట్టింపు లేదు. గొంతు ఎవరిదైనా, ఆ పిల్ల కథకు నాయిక. నవ్విస్తే తను నవ్వించాలనుకుని నవ్విస్తుంది.

తర్వాతి సంగతులు త్వరగానే జరిగాయి. 2018 ఏప్రిల్ 8న సింప్సన్స్ బృందం తన జవాబు చెప్పింది. మార్జ్ తన చిన్నప్పటి పుస్తకాన్ని లీసాకు చదివిపెడుతూ, ఇప్పటి కాలానికి తగ్గట్టు మార్చబోతే కథలో పస పోతుంది. అప్పుడు లీసా ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడుతుంది. పక్కన అపు ఫొటో. బొమ్మ మాటల మీద యుద్ధం చేసిన లీసా చేతే ఆ మాట అనిపించారు! ఆ రాత్రి ఆయన వాదన మానేశాడు. హరి మీద కాదు, మొదటిసారి ఆ సీరియల్ మీద కోపం వచ్చింది.

అదే నెలాఖరున అజారియా టీవీలో మాట్లాడుతూ తప్పుకోవడానికి సిద్ధమన్నాడు. రచయితల గదిలో భారతీయులు ఉండాలన్నాడు. 2020 జనవరిలో అపు గొంతు వదులుకున్నట్టు ప్రకటించాడు. ఆ మే నెలలో మినియాపోలిస్‌లో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణం పోయాక దేశం అట్టుడికింది. జూన్‌లో కార్టూన్ల లోకమంతా కదిలింది. 'బిగ్ మౌత్'లో మిస్సీ అనే నల్లజాతి తండ్రి, యూదు తల్లి కూతురికి గొంతు ఇస్తున్న జెన్నీ స్లేట్ తప్పుకుంది. ఆ పాత్ర అయో ఎడెబిరికి వెళ్లింది. 'ఫ్యామిలీ గై'లో నల్లవాడైన క్లీవ్‌లాండ్ పాత్రకు 20 ఏళ్లు పలికిన మైక్ హెన్రీ వదిలేశాడు. తెల్లవాళ్లు ఇక ఇతర జాతుల పాత్రలకు గొంతు ఇవ్వరని సింప్సన్స్ కూడా చెప్పింది.

2021 ఏప్రిల్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో అజారియా క్షమాపణ చెప్పుకున్నాడు. కొడుకు చదివే బడికి వెళ్లి భారతీయ పిల్లలతో మాట్లాడానన్నాడు. వాళ్లలో 17 ఏళ్ల కుర్రాడు ఒక్కడు... సింప్సన్స్ ఒక్కసారి కూడా చూడలేదట. కానీ అపు అంటే ఏమిటో తెలుసు. అదొక తిట్టు. కన్నీళ్లతో చెప్పాడట. కారు నడుపుతూ అది విన్న ఆయన, ఇంటి ముందు ఆపేసి కూడా చాలాసేపు దిగలేదు. 2023లో హరి, అజారియా ఒక కార్యక్రమంలో కలిసి మాట్లాడుకున్నారు కూడా.

అసలు అపును తీసేయమని హరి ఎప్పుడూ అడగలేదు. తీసేస్తారన్న వార్త 2018లో వచ్చినప్పుడు బాధపడ్డాడు. ఆ పాత్రను బాగుచేయడానికి ఎన్ని దారులు లేవు అన్నదే అతని మాట. నిజమే, దుకాణం అమ్మేసి మరో పని చూసుకునే అపు, కూతుళ్లతో గొడవపడే అపు, మొగుడిని ఎదిరించి ఉద్యోగంలో చేరే మంజుల... రాసేవాళ్లుంటే కథలకు కరవా! వాళ్లు మాత్రం తేలిక దారి పట్టారు. గొంతు తీసేశారు, బొమ్మను ఉంచేశారు.

ఆ ఏడాది దసరా సంబరాల్లో కుర్రాళ్లు 'బావమరిది ఐటెమ్, బావమరిది ఐటెమ్' అని అరిచారు. గొంతు బాగాలేదని చెప్పి ఆయన కుర్చీలోంచి లేవలేదు. పక్కన కూర్చున్న ఆమె ఏమీ అనలేదు. ఇంటికెళ్లాక అల్లం వేసి టీ ఇచ్చింది. గొంతు బాగానే ఉందని ఆమెకు తెలుసు.

ఈమధ్య ఓ ఆదివారం రాత్రి, కొడుకు ఇంటికొచ్చినప్పుడు ఇద్దరూ కలిసి సింప్సన్స్ చూశారు. ఊరంతా ఒకచోట గుమిగూడిన దృశ్యం. వెనక వరసలో అపు ఉన్నాడు. అదే చొక్కా, అదే జుట్టు. ముందున్నవాళ్లంతా తలా ఒక మాట అంటున్నారు. 'వీడేమైనా అంటాడేమో చూడు' అన్నాడాయన ముందుకు వంగి. కొడుకు సౌండు పెంచాడు.

ఎపిసోడ్ అయిపోయింది. పేర్లు పడుతున్నాయి.